బెంగళూరు చలి: ఒక్క కనిష్ఠం చెబితే చాలదు

సంపాదకులకు నమస్కారాలు.

డిసెంబరు పడితే చాలు, పేపర్లలోనూ టీవీల్లోనూ బెంగళూరు గురించి ఒకటే మాట: గజగజ. నిన్న 13 డిగ్రీలు, ఇవాళ 12. ఈసారి చలి మామూలు కంటే గట్టిగానే ఉంది, కాదనం. అయితే సంక్రాంతి సెలవులకు ఊరు చూద్దామని వచ్చే మన తెలుగువాళ్లకు ఆ ఒక్క అంకెతో ఒరిగేది తక్కువ. అది చూసి కొందరు ప్రయాణం మానుకుంటారు. ఇంకొందరు కాశ్మీరు వెళ్తున్నట్టు మూటలు కట్టుకొచ్చి, పదకొండింటికల్లా ఆ కోట్లన్నీ చేతికి వేలాడేసుకుని లాల్‌బాగ్‌లో చెమటలు కక్కుతుంటారు. అందుకే ఈ ఉత్తరం. కనిష్ఠంతో పాటు గరిష్ఠం, మబ్బు ఉందా లేదా, సూర్యోదయం ఎన్నింటికి అన్న మూడు ముక్కలు కూడా వేయండి. ఎందుకో వివరంగా రాస్తున్నాం.

ముందు అంకెల సంగతి. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. జనవరిలో కనిష్ఠం 15, 16 డిగ్రీలు, గరిష్ఠం 27, 28 ఉండడం ఇక్కడ మామూలే. ఇక్కడ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి 13న. వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతాల్లో కనిష్ఠం 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగి, మామూలు కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు తగ్గితేనే శీతల గాలులు అంటారు. ఆ లెక్కన 12 డిగ్రీల బెంగళూరుకు ఆ పేరు రాదు. ఆదిలాబాదువాళ్లు, లంబసింగి చూసొచ్చినవాళ్లు 12 డిగ్రీలు అంటే నవ్వుతారు కూడా. ఇంకో చిక్కు ఉంది. నగరం, హెచ్ఏఎల్ (పాత విమానాశ్రయం), దేవనహళ్లి విమానాశ్రయం మూడింటికీ వేర్వేరుగా ఉష్ణోగ్రతలు ఇస్తారు. దేవనహళ్లిలో బయలు ఎక్కువ కాబట్టి తెల్లవారుజామున అక్కడి అంకె తరచుగా నగరం కన్నా తక్కువ ఉంటుంది. మూడింటిలో ఏది తక్కువైతే అదే హెడ్డింగులోకి ఎక్కుతుంది. బసవనగుడిలో బస చేసినవాళ్లకు దేవనహళ్లి చలి లెక్క ఎందుకు?

అసలు విషయం ఏమిటంటే, ఇక్కడి చలి రెండు రకాలు. మా వాడుకలో ఒకటి తెరిపి చలి, రెండోది ముసురు చలి. ఊరు చూసే పద్ధతి ఒకదానికీ ఇంకోదానికీ పూర్తిగా వేరు.

తెరిపి చలిలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పగలు నేల తాగిన వేడిని ఆపడానికి పైన మబ్బు ఉండదు, రాత్రంతా అది ఆకాశంలోకి పోతుంది. ఈశాన్యం నుంచి వచ్చే పొడిగాలి దానికి తోడు. తెల్లవారేసరికి 12, 13కు దిగుతుంది. పొద్దెక్కాక ఎండ కొట్టి మధ్యాహ్నానికి 26, 27 అవుతుంది. పేపర్లలో పెద్ద అక్షరాలకెక్కేది ఈ చలే. నిజానికి ఊరు చూడడానికి ఇంతకు మించిన కాలం లేదు.

ముసురు చలి బంగాళాఖాతం నుంచి వస్తుంది. 2022 డిసెంబరులో మాండూస్, 2024 నవంబరు చివర ఫెంగల్ తమిళ తీరం దాటినప్పుడు వచ్చింది అదే. రోజుల తరబడి మబ్బు, సన్నతుంపర, ఈదురుగాలి. మబ్బు దుప్పటిలా కప్పి ఉంటుంది కాబట్టి రాత్రి కనిష్ఠం 17, 18 దగ్గరే ఆగిపోతుంది. పగలు మాత్రం 21, 22 దాటదు. పేపరులో 18 చూసి చలి లేదనుకుని వచ్చినవాళ్లు రోజంతా వణుకుతారు. కనిష్ఠం ఒక్కటే చెబితే చాలదని మేమనేది అందుకే.

రెండింటినీ ముందే పోల్చుకోవడం తేలిక. మర్నాటి గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా పది డిగ్రీలు దాటితే తెరిపి, ఐదారు డిగ్రీల లోపైతే ముసురు. ఫోన్ చూడడం ఇష్టం లేనివాళ్లు రాత్రి భోంచేశాక ఓసారి తలెత్తి చూస్తే చాలు: చుక్కలు కనబడి గాలి స్తంభించి ఉంటే పొద్దున చలి ఖాయం, మధ్యాహ్నం ఎండా ఖాయం.

తెరిపి చలి రోజున తప్పు జరిగేది మొదటి రెండు గంటల్లో. హైదరాబాదు, విజయవాడ, తిరుపతి రాత్రి బస్సులు ఐదు నుంచి ఆరున్నర మధ్య హెబ్బాళ్, కేఆర్ పురం, మడివాళ, మెజెస్టిక్‌లలో జనాన్ని దింపుతాయి. రోజు మొత్తంలో అతి చల్లని వేళ సూర్యోదయానికి కాస్త అటూ ఇటూ, అంటే సరిగ్గా ఆ సమయమే. స్వెటర్లు డిక్కీలో పెట్టిన సూట్‌కేసు అడుగున ఉంటాయి. స్వెటరు, మఫ్లరు, పిల్లల టోపీలు సీటు దగ్గరి సంచిలో ఉండాలి. హోటల్ గది మధ్యాహ్నం పన్నెండుకు గానీ ఇవ్వరు, అంత పొద్దున్నే చేరితే సగం రోజు అద్దె అడుగుతారు. రెండు గంటలు గడపడానికి దర్శిని హోటళ్లు ఉన్నాయి. ఆరు, ఆరున్నరకే తెరుస్తారు, నిలబడే తినాలి, కాఫీ బై-టూ (ఒకటి ఇద్దరికి) చెప్పొచ్చు. ఒక్క హెచ్చరిక: జనవరిలో ఇక్కడ సూర్యోదయం ఆరూ ముప్పావుకు. డిసెంబరు 21 దాటాక పొద్దు పొడుగవుతుంది నిజమే, కానీ ఆ పెరుగుదలంతా సాయంత్రం వైపే. జనవరి నెలాఖరుకు గానీ సూర్యుడు త్వరగా లేవడం మొదలుపెట్టడు. కాబట్టి ఆరింటికి పార్కులో దిగితే చీకటి, చలి తప్ప ఇంకేమీ ఉండదు. ఆదివారమైతే మెట్రో కూడా మిగతా రోజులకంటే ఆలస్యంగా మొదలవుతుంది.

ఆ వేళ చూడదగ్గది ఒక్కటుంది, కేఆర్ మార్కెట్ పూల బజారు. కింద తడి, బురద, తోపులాట. అందుకని మార్కెట్ భవనం పై అంతస్తుకెక్కి కిందికి చూడాలి. గుట్టలు గుట్టలుగా చామంతి, బంతి, గులాబి. మల్లెమొగ్గ, కనకాంబరం ఈ చలిలో ధర మండిపోతాయి. మంచుకు మొగ్గ సరిగా రాదు, ధనుర్మాసం గిరాకీ తగ్గదు మరి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి.

అక్కడి నుంచి టిప్పు వేసవి మహలు, దాన్ని ఆనుకున్న కోటె వెంకటరమణస్వామి గుడి నడిచి వెళ్లేంత దగ్గర. మహలు 1781లో హైదర్ అలీ మొదలుపెడితే 1791లో టిప్పు పూర్తి చేశాడు. టేకు స్తంభాలు, నాలుగు వైపులా గాలి ఆడే మండపాలు. వేసవి కోసమే కట్టింది కదా, ముసురు రోజున అందులో ఈదురుగాలి ఈ చివర దూరి ఆ చివర వెళ్తుంది. తెరిపి రోజున పొద్దున తొమ్మిది తర్వాత వెళితే ఏటవాలు ఎండ స్తంభాల మధ్యకు పడుతుంది. గుడి రాతినేల మాత్రం పొద్దున ఏడింటికి అరికాళ్లలో సూదులు గుచ్చుతుంది. పెద్దవాళ్లను ఎనిమిదిన్నర తర్వాత తీసుకెళ్లండి, బయటికి రాగానే వేసుకోవడానికి మందపాటి సాక్సు ఒక జత దగ్గరుంచండి.

లాల్‌బాగ్‌కు అందరూ పొద్దున్నే వెళ్లమంటారు. మేము సాయంత్రం అంటాం. కారణం అక్కడి బండ. కెంపేగౌడ కట్టించిన బురుజు నిలబడ్డ ఆ రాయి వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. పొద్దున తొమ్మిది దాకా దాని మీద మంచు తడి ఉంటుంది, నాచు పట్టిన చోట కాలు జారుతుంది, కూర్చుంటే బట్టలు తడుస్తాయి. అదే బండ రోజంతా ఎండ తాగి సాయంత్రం నాలుగున్నర నుంచి దాన్ని తిరిగి ఇస్తుంది. ఆరు గంటల ప్రాంతంలో చల్లగాలి మొహానికి కొడుతుంటే కింద రాయి మాత్రం పెనం దించిన పొయ్యిగట్టులా వెచ్చగా ఉంటుంది. పసిపిల్లలతో వచ్చినవాళ్లు చెప్పులు విప్పి ఆ రాతి మీద పాదాలు ఆనించుకుని కూర్చోవడం చూస్తుంటాం. చలికాలంలో లాల్‌బాగ్ ఇచ్చేది ఇదీ, ప్రవేశ రుసుము దీనికి కడుతున్నాం అనుకున్నా నష్టం లేదు. 1889లో పునాది వేసిన గాజుగృహంలో గణతంత్ర దినోత్సవం పూల ప్రదర్శన పెట్టే రోజుల్లో మాత్రం సాయంత్రం మాట మరిచిపోండి, పని రోజున ఉదయమే వెళ్లండి. కారు ఎక్కడా పెట్టలేరు. మెట్రో గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ స్టేషన్ పడమటి గేటు పక్కనే ఉంది.

కబ్బన్ పార్కు ఆదివారం మేలు, వాహనాలను లోపలికి రానివ్వరు. దారంతా గులాబీరంగు తబెబుయా పూలు రాలి ఉంటే ఆ పుణ్యంలో కొంత క్రుంబీగల్‌ది. 1908 నుంచి 1932 దాకా లాల్‌బాగ్‌ను చూసుకున్న ఆ జర్మన్ తోటమాలి, ఒక చెట్టు పూత అయిపోగానే ఇంకో రకం పూసేలా వీధి చెట్లను ఎంపిక చేశాడు.

సీతాకోకచిలుకల పార్కు గురించి ఒక్క మాట ఎవరూ చెప్పరు. బన్నేరుఘట్టలో పార్కు తెరవగానే అక్కడికి పరుగెత్తి, ఒక్కటీ ఎగరడం లేదని తిట్టుకుంటారు. సీతాకోకచిలుక ఒంట్లో సొంత వేడి లేదు. రెక్కలు విప్పి ఎండ కాచుకుంటే గానీ ఎగిరే కండరం పని చెయ్యదు. ఈ చలిలో పదకొండు నుంచి రెండు మధ్యనే వాటి సందడి. ముందు సఫారీ చూసి తర్వాత అటు వెళ్లండి. ముసురు రోజున అసలు వద్దు. మంగళవారం పార్కుకు సెలవు.

ఇక నందికొండ. ఎత్తు 1478 మీటర్లు, నగరం కన్నా సుమారు 550 మీటర్లు పైన. పగటి లెక్కన మూడు నాలుగు డిగ్రీలు తక్కువ. తెరిపి చలి రోజున తెల్లవారుజామున తమాషా జరుగుతుంది. బరువైన చల్లగాలి కిందికి జారి లోయల్లో చేరుతుంది, పొగమంచు కింద పరుచుకుంటుంది, కొండ మీద మనం దానికి పైన నిలబడతాం. ఫోటోల్లో కనబడే పాలసముద్రం అదే. ముసురు రోజున వెళితే మబ్బు లోపలే ఉంటాం, పక్క మనిషి కూడా మసకే. జనం ఈ తేడా చూసుకోకుండా సెలవు దొరికింది కదా అని శనివారం రాత్రే బయల్దేరి కొండ కింద వరుసలో ఇరుక్కుంటారు. శని, ఆదివారాల్లో వాహనానికి ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవడం మంచిది. బైకు మీద వెళ్లేవాళ్లకు 13 డిగ్రీలంటే 13 కాదు, వేగం పెరిగేకొద్దీ గాలి ఒంటి వేడిని లాక్కుపోతుంది. ముందు దెబ్బతినేది వేళ్లు, బ్రేకు సరిగా పట్టవు. గ్లౌజులు తప్పవు. విండ్‌చీటర్ లేకపోతే స్వెటరుకూ చొక్కాకూ మధ్య ఛాతీ మీద పాత పేపరు నాలుగు మడతలు పెట్టుకుంటే గాలి ఆగుతుంది. మీ పత్రికకు ఈ ఉపయోగమూ ఉందని రాయడానికి మొహమాటపడడం లేదు. దిగి వచ్చేటప్పుడు కొండ పాదాన భోగనందీశ్వరుడి గుడికి ఎండెక్కాక వెళ్లండి. వెయ్యేళ్లకు పైబడ్డ ఆ గుడి పుష్కరిణి మెట్ల మీద కాసేపు ఎండ కాచుకోకుండా కారెక్కేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ముసురు పడితే పైకప్పు ఉన్న చోట్లకే మళ్లాలి. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం పిల్లలకు పూర్తి రోజు పని. ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు భవనంలో ఉన్న జాతీయ ఆధునిక చిత్రశాల, నెహ్రూ ప్లానెటేరియం రెండింటికీ సోమవారం సెలవు. జనవరి మొదటి ఆదివారం కుమారకృప రోడ్డులో చిత్రసంతె వీధి పొడవునా సాగుతుంది, తుంపర పడితే కాగితం మీద వేసిన బొమ్మలు కొనకండి, ప్లాస్టిక్ చుట్టినా లోపల చెమ్మ పడుతుంది. ముసురులో గొడుగు గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న విండ్‌చీటర్ నయం. జీన్స్ తడిస్తే రెండు రోజులకు గానీ ఆరదు.

ముసురు తెరిపిచ్చిన మొదటి రాత్రి అన్నిటికన్నా ప్రమాదం. నేల తడిసి ఉంటుంది, ఆకాశం తేటపడుతుంది, గాలి ఆగిపోతుంది: దట్టమైన పొగమంచుకు కావలసినవి ఈ మూడే. నాలుగు నుంచి ఎనిమిది మధ్య చిక్కబళ్లాపుర నుంచి దేవనహళ్లి దాకా దారి కనబడదు. ఉదయపు విమానాలు ఆలస్యమయ్యేదీ అందుకే. హైదరాబాదు నుంచి సొంత కారులో రాత్రి తొమ్మిదికి బయల్దేరితే సరిగ్గా ఈ వేళకు ఇక్కడికి చేరతారు. అనంతపురంలో పడుకుని ఆరున్నరకు బయల్దేరడం మంచిది, చిక్కబళ్లాపుర చేరేసరికి మంచు విడిపోతూ ఉంటుంది. మంచులో చిక్కుకుంటే హై బీమ్ వెయ్యకండి, వెలుగు తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేస్తే వెనకవాడు ఆగి ఉందనుకుంటాడు, మలుపు తిరిగేది తెలియదు. అద్దం లోపలివైపు మసకబారితే గుడ్డతో తుడవడం కన్నా ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పాలి. ఆగాలనుకుంటే పెట్రోలు బంకులోకో హోటల్లోకో పూర్తిగా దిగిపోవాలి, రోడ్డు అంచున ఆగితే వెనక లారీకి కనబడం.

గది తీసుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: వేడినీళ్లు సోలారా, గీజరా? ఇక్కడ చాలా చోట్ల సోలారే. తెరిపి రోజుల్లో బాగా కాగుతాయి, అయినా పొద్దున మొదటి అరబక్కెట్టు పైపులో నిలిచిన చన్నీళ్లే వస్తాయి, వదిలెయ్యాలి. రెండు రోజులు ముసురు పడితే గోరువెచ్చన కూడా ఉండవు. హోమ్‌స్టేల్లో గ్యాస్ గీజరు బాత్రూమ్ లోపలే బిగించి ఉంటే మరీ జాగ్రత్త. చలికి కిటికీ మూసేసి స్నానం చేస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. వాసన ఉండదు, కళ్లు తిరిగి పడిపోయాక గానీ తెలియదు. వెంటిలేటరు తెరిచి, బక్కెట్టు నింపుకుని, గీజరు ఆపాకే తలుపు వేసుకోండి. గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడమూ అంతే ప్రమాదం. కొబ్బరినూనె సీసాలో రాయిలా గడ్డకడుతుంది, వేడినీళ్ల మగ్గులో పెట్టి ఉంచితే కరుగుతుంది. పొడిగాలికి పెదాలు పగులుతాయి, దాహం వెయ్యకపోయినా నీళ్లు తాగాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఎనిమిదికి ముందు నడకకు వెళ్లకూడదు, నేలను అంటిన చల్లగాలిలో వాహనాల పొగ నిలిచి ఉంటుంది.

సంక్రాంతి సాయంత్రం గవిగంగాధరేశ్వరుడి గుహాలయంలో సూర్యకిరణాలు నంది కొమ్ముల మధ్య నుంచి లింగాన్ని తాకుతాయి. కొద్ది నిమిషాలే. లోపల చోటు తక్కువ, ఎక్కువమంది బయట తెరల మీదే చూస్తారు. ఆ రోజు పడమట మబ్బు ఉంటే కిరణాలు పడవు, ముసురని తెలిస్తే వరుసలో నిలబడకండి.

చివరగా ఈ చలి వల్లే దొరికే తిండి. మన అనపకాయ (సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయ), ఇక్కడి అవరెకాయి. డిసెంబరు, జనవరుల్లో మంచు పడితేనే కాయకు వాసన, దాన్నే ఇక్కడ సొగడు అంటారు, మాగడి కాయకు ఆ పేరు ఎక్కువ. గాంధీబజారులో కొనేటప్పుడు రంగు చూడకండి. గుప్పెడు కాయలు నలిపి చెయ్యి వాసన చూడండి. అరచేతికి కాస్త జిడ్డు అంటి ఘాటుగా వాసన వస్తే మంచి కాయ, పచ్చగడ్డి వాసన వస్తే వదిలెయ్యండి. గింజలు రాత్రి నానబెట్టి పొద్దున బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే తోలు వదిలి పప్పు చటుక్కున జారుతుంది. అదే రాయలసీమవాళ్ల పితికిపప్పు. వేసవిలో ఎనిమిది గంటలు చాలే నానుడు ఈ చలిలో పది, పన్నెండు గంటలు పడుతుంది. బసవనగుడి ప్రాంతంలో జనవరిలో అవరెబేళె (అవరె పప్పు) మేళా పెడతారు, దోసె నుంచి జిలేబీ దాకా అన్నీ దాంతోనే. మొదటిసారి తినేవాళ్లు అన్నీ రుచి చూద్దామని కూర్చుని మర్నాటి ప్రోగ్రాం పాడుచేసుకుంటారు. రెండు రకాల దగ్గర ఆపండి, ఇంగువ, అల్లం పడినవే ఎంచుకోండి. ఊరికి తీసుకెళ్లే కాయలు గుడ్డసంచిలో వేసి బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. పాలిథిన్‌లో వేస్తే చెమ్మ పట్టి కర్నూలు చేరేలోపే నల్లబడతాయి.

ఇట్లు,
బసవనగుడి, జయనగర్ తెలుగు పాఠకులు కొందరు,
బెంగళూరు.